ఉప్పు నీళ్ళల్ల గాజు ఎన్ని రోజులు ఆగుతది: 182 రోజుల దాకా నా లెక్కలు, నా తప్పులు

ముందుగాల ఒక మాట, ఇందుల రేడియేషన్ ఉన్నదేదీ లేదు. అణు వ్యర్థాలను గాజుల కలిపి గట్టిపరుస్తరు కదా (మన దగ్గర ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంల ఆ ప్లాంట్లు ఉన్నయి, ఫ్రాన్స్‌ల మార్కూల్‌ల 1978 లనే మొదలువెట్టిన్రు), ఆ జాతి గాజునే వ్యర్థం లేకుండ ఉత్తగ తయారు చేసి, దంచి, రకరకాల ఉప్పు నీళ్ళల్ల 90 డిగ్రీల కాడ పెట్టి ఎంత కరుగుతదో చూసుడు, గంతే పని. నేను హన్మకొండల ఒక డిగ్రీ కాలేజీల కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్‌ను, ఆదివారాలు ఫర్నేస్ వాడుకోనిచ్చిన్రు, తూకం మిషన్, పీహెచ్ మీటర్ కూడా కాలేజీవే. మిగతాదంతా ఇంటి వెనక రేకుల షెడ్డుల. ఎవరన్న మళ్ళ చెయ్యాలనుకుంటే నేను పోగొట్టుకున్న నాలుగు నెలలు మీకు మిగులుతయని రాస్తున్న.

స్టేజ్ 1: గాజు కరగబెట్టుడు

మొదలు బజార్ల దొరికే ల్యాబ్ బీకర్ ముక్కలే వాడుదామనుకున్న. అదీ వ్యర్థాల గాజు లెక్కనే బోరోసిలికేటే (బోరాన్ కలిసిన గాజు) కదా అని. 28 రోజులు పెట్టినంక తూకంల తేడా మిషన్‌కే అందలే. ల్యాబ్ గాజుల సిలికా (ఇసుకల ఉండేదే) 80 శాతం పైన, సోడియం ఆక్సైడ్ 4 దాకా, అది కరగొద్దనే చేసిన గాజు. వ్యర్థాల గాజుల సిలికా సగానికి జెర అటు ఇటు ఉంటది, బోరాన్, సోడియం ఎక్కువ, ఎందుకంటే ఫర్నేస్ మరీ వేడి చెయ్యకుండనే కరగాలె, వ్యర్థాల ఆక్సైడ్లను మింగాలె. అందుకే సొంతంగ చెయ్యక తప్పలే.

నేను పెట్టుకున్న లెక్క (బరువుల శాతం): సిలికా 50, బోరాన్ ఆక్సైడ్ 20, సోడియం ఆక్సైడ్ 20, కాల్షియం ఆక్సైడ్ 5, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) 5. పరిశోధనల్ల అందరు వాడే ఇంటర్నేషనల్ సింపుల్ గ్లాస్‌ల సిలికా 56.2, బోరాన్ ఆక్సైడ్ 17.3, సోడియం ఆక్సైడ్ 12.2, జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) 3.3 కూడా ఉంటది. నా దాంట్ల జిర్కోనియం లేదు, సోడియం ఎక్కువ, అంటే నా గాజు దానికంటె బలహీనం. మా ఫర్నేస్ 1000 డిగ్రీలు దాటది, ఏం చేస్త.

మొదటి ఆదివారం వరంగల్ చౌరస్తాల కొన్న వెలిగారం (బోరాక్స్, బోరాన్ దీంట్లకెళ్ళే వస్తది) కొన్నట్టే కలిపి పెట్టిన. 400 డిగ్రీల కాడ తలుపు సందులకెళ్ళి చూస్తే పాలు పొంగినట్టు పొంగి క్రూసిబుల్ (కరగబెట్టే గిన్నె) బయటికి కారి ఇటుక మీద గడ్డకట్టింది. వెలిగారం బరువుల దగ్గర దగ్గర సగం నీళ్ళే, ఆ సంగతి పుస్తకంల సదివిన కానీ చేతికి తెల్వదు కదా. సోమవారం మా వాడకట్టు కంసాలి తాతకు చెప్తే నవ్విండు, "వెలిగారం పొంగించి వాడాలె బిడ్డా, పచ్చిది ఎవడన్న పోస్తడా" అన్నడు. పెంక మీద పొంగించి చల్లారినంక దంచిన, 27.4 గ్రాములది 14.4 అయింది, లెక్కకు సరిగ్గ.

రెండో ఆదివారం పింగాణి క్రూసిబుల్‌ను గాజే తినేసింది, అడుగుకు చిల్లి. ఇగ అల్యూమినా క్రూసిబుల్ కొన్న.

50 గ్రాముల గాజుకు కలిపేది:
1. క్వార్ట్జ్ పొడి 25 గ్రా.
2. పొంగించిన వెలిగారం 14.4 గ్రా.
3. సోడా యాష్ 9.5 గ్రా.
4. కాల్షియం కార్బొనేట్ 4.45 గ్రా.
5. అల్యూమినియం హైడ్రాక్సైడ్ 3.8 గ్రా.
6. 1000 డిగ్రీల కాడ 3 గంటలు, స్టీల్ ప్లేట్ మీద పోసుడు, చల్లారినంక దంచి మళ్ళ 2 గంటలు. రెండోసారి కరగబెట్టకుంటే లోపట తెల్లగ ఇసుక పలుకులు కనపడతయి, ఆ గాజు పనికిరాదు.

క్రూసిబుల్ కింద ఫైర్ బ్రిక్ పలక పెట్టుండ్రి. ఫర్నేస్ మనది కాదు.

ఇప్పటిదాకా: కరగబెట్టింది 9 సార్లు, పనికొచ్చింది 7, చేతికొచ్చిన గాజు 322 గ్రా., ఖర్చు 2,500.

స్టేజ్ 2: దంచుడు, జల్లించుడు, కడుగుడు

అమ్మ అల్లం దంచే ఇనుప రోలు తీసుకున్న, ఇగ అది నాకే (ఇంకోటి కొనిచ్చిన, ఆ ఖర్చు ఇందుల రాయలే). మిక్సీల వెయ్యకుండ్రి, జార్ ఆగమైతది, గాజు మైదా పిండి లెక్క అయితది. మనకు కావాల్సింది 100 మెష్ (జల్లెడ చిల్లుల నంబర్) జల్లెడల పడి 200 మెష్ మీద ఆగేది, అంటే 75 నుంచి 150 మైక్రాన్లు, అమెరికా పద్ధతిల పీసీటీ (ప్రొడక్ట్ కన్సిస్టెన్సీ టెస్ట్) అనే టెస్టుల కూడా ఇదే సైజు. ఇనుప రజను అయస్కాంతం తోని తియ్యాలె. మాస్క్ లేకుండ ఈ పని ఎవరూ చెయ్యొద్దు, గాలి లేని దిక్కు కూసొని దంచుండ్రి, ఫ్యాన్ బంద్.

ఇక్కడ చేసిన తప్పు: జల్లించినంక కడగలే. జల్లెడల రాని సన్నటి దుమ్ము పెద్ద పలుకులకు అంటుకొనే ఉంటది, అదే ముందుగాల కరుగుతది. మొదటి ట్రయల్‌ల 7 రోజులకు బోరాన్ నేను తర్వాత చూసినదానికి రెండింతలు వచ్చింది, మస్తు సంబురపడ్డ, ఉత్త దుమ్మే అది. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్ తోని మూడుసార్లు గబగబ, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తోని కడుగుతున్న, పైన తేలే పాలు అసలుకే లేకుండ అయ్యేదాక.

పలుకు సగటున 112.5 మైక్రాన్లు, సాంద్రత 2.5 అనుకుంటే గ్రాముకు 0.0213 చదరపు మీటర్ల ఉపరితలం. 3 గ్రాములు 30 మి.లీ. నీళ్ళల్ల పోస్తే, ఘనపు మీటరు నీళ్ళకు 2,130 చదరపు మీటర్ల గాజు తగులుతున్నట్టు. ఈ నంబర్ రాసి పెట్టుకోండ్రి, చివరిదాక ఇదే.

ఇప్పటిదాకా: పనికొచ్చే పొడి 145 గ్రా., ఖర్చు 3,100.

స్టేజ్ 3: 90 డిగ్రీల డబ్బా

థర్మోకోల్ పెట్టె, బల్బు, గుడ్లు పొదిగేటోళ్ళు వాడే టెంపరేచర్ కంట్రోలర్. గుడ్లకు 37 డిగ్రీలు. నాకు 90. పొద్దుగాల లేచి చూస్తే పెట్టె ముడుచుకొని ఎండిన వంకాయ లెక్క అయింది, బల్బు హోల్డర్ వంగింది. 200 రూపాయలు మట్టిల.

తర్వాత పాత బియ్యం డ్రమ్ము, చుట్టూ గ్లాస్ వూల్, అడుగుకు 150 వాట్ల ప్లేట్ హీటర్, అదే కంట్రోలర్. పైన 93, కింద 84 చూపెట్టింది. లోపట చిన్న ప్లాస్టిక్ ఫ్యాన్ పెడితే నాలుగు రోజులకు రెక్కలు వంగి ఆగిపోయింది. చివరికి పని చేసింది ఏందంటే ఎండిన ఇసుక. అల్యూమినియం గిన్నెల ఇసుక పోసి సీసాలను మెడ దాక పాతిపెట్టిన, సెన్సార్‌ను కూడా ఇసుకలనే. ఏ మూలకు చూసినా తేడా 1.5 డిగ్రీలకు మించలే. కరెంటు పోయినా మెల్లగ చల్లారుతది. 143వ రోజు గాలివానకు ఆరు గంటలు కరెంటు లేదు, అయినా 61 కంటె కిందికి పోలే.

సీసాలు: పాలిప్రొపిలీన్, 60 మి.లీ. గాజు సీసాలు అసలుకే వద్దు, దాని సిలికా, దాని బోరాన్ మన లెక్కల కలుస్తయి. టెఫ్లాన్ మంచిది కానీ ఒక్క సీసా ధరకు నావి పది వస్తయి. మూతకు టెఫ్లాన్ టేపు రెండు చుట్లు, పెట్టేముందు, తీసినంక తూకం. నీళ్ళు 5 శాతం కంటె ఎక్కువ పోయిన సీసాను లెక్కల నుంచి తీసేసుడే, బుద్ధి పుట్టినట్టు సర్దుడు లేదు. మొత్తం మీద 3 సీసాలు అట్ల పోయినయి.

ఇప్పటిదాకా: ఖర్చు 6,150. కరెంటు రోజుకు 1.4 యూనిట్లు.

స్టేజ్ 4: నాలుగు నీళ్ళు

ఏ: డిస్టిల్డ్ వాటర్.
బి: లీటరుకు 35 గ్రా. ఉప్పు. అయోడిన్ ఉప్పు కాదు, ల్యాబ్‌ది.
సి: పరకాల దిక్కు మా ఊరి చేను కాడ బోరు. అది చప్ప నీళ్ళ బోరు కాదు, పక్కా ఉప్పు నీళ్ళు, పశువులు కూడ మొహం తిప్పుకుంటయి. టీడీఎస్ మీటర్ల 2,140 వచ్చింది, ఈడీటీఏ (మెగ్నీషియం, కాల్షియం కొలిచే మందు) తోని చూస్తే మెగ్నీషియం లీటరుకు 136 మి.గ్రా.
డి: మెగ్నీషియం క్లోరైడ్, 0.1 మోలార్, అంటే మెగ్నీషియం లీటరుకు 2,430 మి.గ్రా.

డి ఎందుకంటే, జర్మనీల గోర్లెబెన్ లాంటి ఉప్పు గనులల్ల వ్యర్థాలు పాతాలన్న ఆలోచన ఉండె, అసోంటి ఉప్పు పొరలల్ల దొరికే నీళ్ళల్ల మెగ్నీషియం దండిగ ఉండొచ్చు. ఉత్త సోడియం ఉప్పు నీళ్ళు వేరే, ఈ నీళ్ళు వేరే. నాకు అప్పటికి ఆ తేడా ఎంతుంటదో అందాజ లేదు, "ఉప్పు ఎక్కువైతే ఎక్కువ తింటది" అనుకొని బి మీదనే ఆశ పెట్టుకున్న.

స్టేజ్ 5: బోరాన్ కొలుచుడు

బోరాన్‌నే ఎందుకు కొలుస్తరంటే, గాజుల నుంచి బయటికొస్తే అది మళ్ళ ఏ పొరల ఇరుక్కోదు, నీళ్ళల్లనే ఉంటది. సిలికా అట్ల కాదు, కరుగుతది, మళ్ళ పేరుకుంటది.

పద్ధతి:
1. ఫిల్టర్ చేసిన నీళ్ళు 5 మి.లీ., జెర యాసిడ్ పోసి మరిగించి కార్బన్ డయాక్సైడ్ తరుముడు.
2. చల్లారినంక సోడియం హైడ్రాక్సైడ్ తోని పీహెచ్ సరిగ్గ 7.00 కు తెచ్చుడు.
3. మ్యానిటాల్ (చక్కెర లాంటి పొడి) 2 గ్రా. వేస్తే పీహెచ్ ధబ్బున పడుతది.
4. 0.02 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ తోని మళ్ళ 7.00 దాక. ఎన్ని మి.లీ. పట్టిందో దాన్ని 43.24 తోని గుణిస్తే లీటరుకు మి.గ్రా. బోరాన్.
5. దాన్ని 132 తోని భాగిస్తే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల గాజు పోయిందో వస్తది (నా గాజుల బోరాన్ 6.2 శాతం కాబట్టి).

మొదలు ఫినాఫ్తలీన్ రంగు చూసి చేసిన, డి నీళ్ళల్ల గులాబి రంగు వస్తది పోతది వస్తది పోతది, పిచ్చి లేసింది. పీహెచ్ మీటర్ తోని ఒకటే నంబర్ కాడ మొదలువెట్టి అదే నంబర్ కాడ ఆపుడు చేసినంక ఆ గోల పోయింది. ఇంకోటి, తెలిసినంత బోరిక్ యాసిడ్ కలిపి చూస్తే 91 శాతమే దొరికింది. వారం రోజులు సోడియం హైడ్రాక్సైడ్‌ను అనుమానించిన, మళ్ళ చేసిన, మళ్ళ 91. అసలు దొంగ ఆవిరి. బోరిక్ యాసిడ్ నీళ్ళ ఆవిరి తోని కొంచెం లేచిపోతది. బీకర్ మీద వాచ్ గ్లాస్ బోర్లించి మెల్లగ మరిగిస్తే 99 వచ్చింది. దానికంటె ముందటి అంకెలన్నీ కొట్టేసిన.

ఇప్పటిదాకా: ఖర్చు 7,950.

స్టేజ్ 6: మొదటి సెట్టు, అది ఎందుకు పడేసిన

నాలుగు సీసాలు, వారానికోసారి ఒక్కో దాంట్లకెళ్ళి 5 మి.లీ. తీసుడు, తీసినంత కొత్త నీళ్ళు పోసుడు. 28 రోజులకు ఏ సీసా (డిస్టిల్డ్) లెక్క, తీసేసినవి కూడా కలిపి, చదరపు మీటరుకు 4.4 గ్రాములు. వారం వారం దాదాపు ఒకటే తీరు పెరుగుతున్నది. గీత గీసి మురిసిన. ఎక్సెల్‌ల దాన్నే పదివేల ఏండ్లకు పొడిగించి చూసిన కూడ, సిగ్గులేకుండ.

మా అక్క బిడ్డ డిగ్రీ సెకండియర్, టైట్రేషన్లకు ఆదివారం వస్తది. నోట్‌బుక్కు చూసి, "మామా, తీసినప్పుడల్ల కొత్త నీళ్ళు పోస్తున్నవ్ గదా, మరి ఆ నీళ్ళు పారుతున్నట్టే గని నిలవున్నట్టు ఎట్లయితది?" అన్నది.

ఆ ఒక్క మాటకు నెల పని పోయింది. సంగతేందంటే, నీళ్ళు తగలంగనే గాజు పై పొరల సోడియం బయటికి, నీళ్ళల్ల హైడ్రోజన్ లోపటికి పోతయి, తర్వాత సిలికా జాలి తెగుతది. నీళ్ళు నిలవుంటే ఆ సిలికా నీళ్ళల్ల నిండుకుంట వస్తది, గాజు మీద జెల్ పొర ఒకటి ఏర్పడతది, ఇగ కరుగుడు తగ్గిపోతది, పరిశోధనల్ల మొదటి వేగానికి చివరి వేగానికి వేల రెట్ల తేడా చూసిన్రు. నేనేమో వారం వారం ఆరో వంతు కొత్త నీళ్ళు పోసి నిండకుండ చేస్తున్న. నేను కొలిచింది గాజును కాదు, నా పిప్పెట్‌ను.

మార్చింది: ఒక తారీకుకు ఒక సీసా. తెరిచినమంటే దాని పని ఒడిసినట్టే. 7, 28, 91, 182, 365 రోజులు, నాలుగు నీళ్ళు, ప్రతిదానికి జంట, మొత్తం 40 సీసాలు, 120 గ్రా. పొడి. గాజు లేకుండ ఉత్త నీళ్ళవి ఇంకో 4.

స్టేజ్ 7: రెండో సెట్టు

చదరపు మీటరుకు పోయిన గాజు, గ్రాములల్ల (జంటల సగటు, అటు ఇటు 0.1):

7 రోజులు: ఏ 2.2, బి 2.1, సి 2.4, డి 2.9
28 రోజులు: ఏ 2.9, బి 2.7, సి 3.5, డి 4.8
91 రోజులు: ఏ 3.2, బి 2.9, సి 3.8, డి 6.9
182 రోజులు: ఏ 3.3, బి 3.0, సి 3.9, డి 8.2

ఏ కాడ 28 రోజులకు 2.9. పాత తీరుల 4.4. గాజు అదే, నీళ్ళు అవే, డ్రమ్ము అదే.

నేను ఆశ పెట్టుకున్న బి, సముద్రమంత ఉప్పున్నా, డిస్టిల్డ్ వాటర్ కంటె తక్కువే. నమ్మబుద్ధి కాక 28 రోజుల జంటను మూడుసార్లు టైట్రేట్ చేసిన, అదే వచ్చింది. ఉప్పు ఎంత అన్నది కాదు, ఉప్పుల ఏముంది అన్నదే అసలు సంగతి.

డి ల ఏం జరుగుతుందో చూద్దామని కాలేజీ కలరీమీటర్‌ల (రంగు గాఢత కొలిచే మిషన్) మాలిబ్డేట్ రంగు తోని నీళ్ళల్ల సిలికాన్ చూసిన. 28 రోజులకు ఏ ల లీటరుకు 240 మి.గ్రా., డి ల 20 కూడా లేదు. గాజు ఎక్కువ కరిగిన సీసాల సిలికా తక్కువ! అడుగున పలుకులకు తెల్లటి మెత్తటి ముద్ద అంటుకొని ఉండె. మెగ్నీషియం ఆ సిలికాను పట్టుకొని మట్టి లాంటి మెగ్నీషియం సిలికేట్‌గ కిందికి దింపుతది, నీళ్ళల్ల సిలికా నిండనియ్యది, అందుకే గాజు కరుగుతనే ఉంటది. పీహెచ్ కూడా ఏ ల 9.9 దాక పోతే డి ల 8.4 కాడనే ఆగింది. అంటే సీసా మూత బిగించే ఉన్నా, నా పిప్పెట్ మొదటి సెట్టుల చేసిన పనినే మెగ్నీషియం లోపట కూసొని చేస్తున్నది.

సి మన బోరు నీళ్ళు. 28 రోజుల దాక గట్టిగ తిన్నది, తర్వాత మెత్తవడ్డది. ఎందుకో ఈడీటీఏ చెప్పింది: 136 ఉన్న మెగ్నీషియం 28 రోజులకు 9 మి.గ్రా. కు వచ్చింది. సరుకు ఒడిసింది, పని ఆగింది. సీసాల 30 మి.లీ. నీళ్ళే కాబట్టి ఒడిసింది, బోరుల అయితే పక్కకెళ్ళి కొత్తది వస్తనే ఉంటది, కాబట్టి ఈ 3.9 చూసి మా బోరు నీళ్ళు మంచియే అనుకుంటే మళ్ళ పప్పుల కాలేసినట్టే.

91 నుంచి 182 దాక ఏ ల పెరిగింది 0.1, అంటే రోజుకు 0.001 గ్రాములు. కానీ నా టైట్రేషన్ తప్పే 0.1, కాబట్టి "దాదాపు ఆగింది" అనే అనాలె, అంకె చెప్పొద్దు. డి ల మాత్రం 1.3 పెరిగింది, రోజుకు 0.014, అది తప్పుల కొట్టుకపోయేంత చిన్నది కాదు.

ఫ్రాన్స్ దక్షిణాన ఎంబియే అనే దీవి దగ్గర మునిగిన రోమన్ ఓడల గాజు గడ్డలు దొరికినయి, 1,800 ఏండ్లు సముద్రంల ఉన్నయి. వాటి బయటి పగుళ్ళు బాగ తినపడ్డయి, లోపటి సన్న పగుళ్ళు మాత్రం కరిగిన సరుకు తోనే పూడుకపోయి తక్కువ తినపడ్డయి. సముద్రం నీళ్ళల్ల కూడా మెగ్నీషియం ఉంటది, లీటరుకు 1.3 గ్రా. దగ్గర. నా బి సీసాను "సముద్రం" అని లేబుల్ రాసిన, తప్పు, ఉత్త ఉప్పు సముద్రం కాదు. లేబుల్ మార్చిన.

స్టేజ్ 8: స్టీల్ వాషర్ (సగంల ఉన్నది)

అసలు వ్యర్థాల గాజును స్టీల్ డబ్బాల పోస్తరు కాబట్టి స్టీల్ ఆనుకొని ఉంటే ఏమైతదో కూడా చూడాలె. 2020 ల ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు గాజును, స్టెయిన్‌లెస్ స్టీల్‌ను ఒకదానికొకటి ఆనిచ్చి 90 డిగ్రీల ఉప్పు నీళ్ళల్ల 30 రోజులు పెడితే, ఆనుకున్న సందుల రెండూ ఎక్కువ తినపడ్డయని చూపెట్టిన్రు. ఆ సందుల స్టీల్ నుంచి దిగే ఇనుము, క్రోమియం నీళ్ళను ఆమ్లం చేస్తయి, క్లోరైడ్ అక్కడనే జమైతది.

1. గాజు పలకలు పోసిన, నాలుగు. మూడు రాత్రి ఫట్ మని పగిలినయి. పోసినంక 500 డిగ్రీల కాడ గంట ఉంచి ఫర్నేస్‌లనే చల్లారనియ్యాలె, నేను ఆగలే.
2. మిగిలిన ఒక్కదాని మీద 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ వాషర్ పెట్టి స్టీల్ బోల్టు తోనే బిగించిన. అది తప్పు, బోల్టు, వాషర్ రెండూ స్టీలే అయినంక ఏది ఏం చేసిందో తెల్వది. టెఫ్లాన్ బోల్టు వెతుకుతున్న.
3. 30 రోజులకు వాషర్ కింద తుప్పు చుక్కలు, పలక మీద మసక వలయం. తూకంల ఏం చెప్పలేను, ఒకటే పలక కదా. ఫోటోనే ఉన్నది, అంకె లేదు.

ఇప్పటిదాకా: 182 రోజులు, 255 యూనిట్ల కరెంటు, ఖర్చు 7,950 (కరెంటు కాకుండ), తెరిచిన సీసాలు 32, లెక్కల నుంచి తీసేసినవి 3. డ్రమ్ముల ఇంక 8 ఉన్నయి. నిన్న తూకం వేస్తే అందుల ఒక డి సీసాకు 3.8 శాతం నీళ్ళు పోయినయి, మూత బిగిద్దామని చెయ్యి పెట్టి మళ్ళ తీసిన. 5 దాటితే అదీ పాయె.